నలభై ఐదు నిమిషాల దీవి

ఓవెంగా, చాతమ్ దీవులు
ఫిబ్రవరి 9

టెరినా అమ్మాయ్,

ఫోన్ చెయ్యకుండా ఉత్తరమేమిటని మొహం చిట్లించకు. పోయినసారి ఫోన్లో మీ బాబాయి మోకాలి సంగతి చెబుతుంటే నీ వైపు నుంచి ఒకటే టకటక. "ఊఁ పిన్నీ, ఊఁ పిన్నీ" అంటూనే ఎవరికో ఏదో టైపు కొడుతున్నావు. నేను మాట్లాడడం ఆపేసినా నీ ఊఁలు ఆగలేదు! ఉత్తరమైతే చదివేటప్పుడు చేతులు కాగితం మీదే ఉంటాయి. పైగా మన ఇల్లు గుంటలో ఉందాయె, సిగ్నల్ కోసం కొట్టం వెనక గట్టెక్కి గాలిలో ఊగుతూ నిలబడే ఓపిక నాకు లేదు.

ముందు మంచి కబురు. మీ రాటా కంపెనీ పేరుతో నువ్వు కట్టిన వెబ్ పేజీ భేషుగ్గా ఉంది. రాతి రొయ్యల పెట్టెలకి విమానంలో చోటు కావాలంటే ఇదివరకు నేను షెడ్డులో కూర్చుని ఫోన్ల మీద ఫోన్లు చేసేదాన్ని. ఇప్పుడు ఎవరి చోటు వాళ్ళే పట్టుకుంటున్నారు. "సరుకు తీసుకోవడం ఆపడానికి ఇంకా ఇంత సమయం ఉంది" అని అంకెలు తగ్గుతూ కనపడతాయి చూడు, అది మనవాళ్ళకి తెగ నచ్చింది. టీవీలో రగ్బీ చూసినట్టు దాని చుట్టూ చేరుతున్నారు. ఆ లెక్క చూసుకుని రొయ్యల్ని ఆఖరిదాకా ఉప్పునీళ్ళ తొట్టెల్లోనే ఉంచి, అప్పుడు పెట్టెల్లో సర్ది లారీ ఎక్కిస్తున్నారు. ప్రాణంతో ఊరు దాటితేనే కదా వాటికి గిరాకీ.

నిన్న షెడ్డు గోడకున్న తెల్ల బోర్డు దించేశాను. విమానం వేళలు ఇన్నేళ్ళూ నా చేత్తో రాసింది. కోల్ ఊరుకుంటాడా? రేవులో అందరికన్నా పెద్దవాడు, అన్నిటికీ అడ్డం పడేవాడూ ఆయనే. "రోయిమాటా, బోర్డుకి కరెంటు అక్కర్లేదు" అన్నాడు. "అది మా అక్క కూతురు కట్టిన పేజీ. నీ పడవ ఇంజనుకన్నా వెయ్యి రెట్లు నయం" అన్నాను. అందరూ పడీపడీ నవ్వారు. ఆయనా నవ్వాడు, కాస్త ఆలస్యంగా.

మీ బాబాయి నిన్నో మాట అడగమన్నాడు. నువ్వు పొద్దస్తమానం రాసే ఆ భాష ఏమిటి? అది మనుషులు మాట్లాడతారా?

తిండి సరిగ్గా తిను.

రోయిమాటా పిన్ని

*

వెల్లింగ్టన్
ఫిబ్రవరి 21

పిన్నీ,

రెండు చేతులూ కాగితం మీదే ఉన్నాయి, చూసుకో. ఒకదాంట్లో పెన్ను, రెండోది కాగితం ఎగిరిపోకుండా. వెల్లింగ్టన్ గాలికి ఇంట్లో కూడా భద్రత లేదు.

నువ్వు చెప్పిన టకటక నిజమే. ఇక్కడ అందరం అలాగే తయారయ్యాం. ఆఫీసులో పక్కపక్కనే కూర్చుని ఒకరికొకరం టైపు చేసుకుంటాం. పొద్దున్నే మాత్రం గుండ్రంగా నిలబడి, నిన్న ఏం చేశాం, ఇవాళ ఏం చేస్తాం అని నోటితో చెప్పుకోవాలి. కూర్చుంటే కబుర్లు పెరుగుతాయని నిలబెట్టారట. ఇప్పుడు అవే కబుర్లు కాళ్ళు నొప్పెట్టేదాకా చెప్పుకుంటున్నాం. మా పై అధికారి ఫినోలా ప్రతి శుక్రవారం "మనమంతా ఒక కుటుంబం" అంటుంది. పోయిన నెల ఆ కుటుంబంలోంచి కొందరిని తీసేశారు. వాళ్ళ కప్పుల్లో టీ చల్లారకముందే తలుపు తెరిచే కార్డులు పనిచెయ్యడం మానేశాయి. టేబుల్ టెన్నిస్ బల్ల మాత్రం పదిలంగా ఉంది.

బాబాయి ప్రశ్నకి జవాబు. ఆ భాష పేరు జావాస్క్రిప్ట్. దాన్ని ఎవరూ మాట్లాడరు, తిట్టుకుంటూ రాస్తారు. ఎవరో హడావిడిగా నిలబెట్టిన కొట్టం అనుకోమను. నాలుగు రోజులు నిలిస్తే చాలనుకున్నారు, తీరా చూస్తే లోకమంతా వచ్చి అందులో కాపురం పెట్టేసింది. ఇప్పుడు వంకర గోడ కనపడినా పడగొట్టలేరు, ఎవరిదో ఒకరి మంచం దానికి ఆనుకునే ఉంటుంది. అందులో జనవరి సున్నా నెల, ఫిబ్రవరి ఒకటో నెల. తారీఖులు మాత్రం బుద్ధిగా ఒకటి నుంచే మొదలు. మాటగా రాసిన ఒకటికి అంకె ఒకటి కలిపితే పదకొండు వస్తుంది, అదీ ఏ గొడవా లేకుండా. పైగా ఏడాది తిరగ్గానే ఎవరో ఒకరు వచ్చి, ఇంతవరకూ మీరు రాసిన పద్ధతంతా పాతది, మళ్ళీ మొదట్నుంచి రాయండి అంటారు. రాస్తాం. పనిచేస్తున్నదాన్ని చూస్తూ ఊరుకోవడం మా వాళ్ళకి చేతకాదు.

అయినా నాకు అదంటే ఇష్టం పిన్నీ. అబద్ధమెందుకు. ఓవెంగా బడిలో ఉన్న ఒక్క పాత కంప్యూటర్లో నేను పేజీల లోపలికి తొంగి చూసి నేర్చుకున్నాను. ఏ పేజీ తెరిచినా దాని పేగులన్నీ కనపడేవి. ఎవరినీ అడగక్కర్లేదు, ఎవరి తలుపూ తట్టక్కర్లేదు. దీవిలో ఉన్న పిల్లకి అంతకన్నా ఏం కావాలి?

మన గడియారం దగ్గరే ఇక్కడ యుద్ధం జరిగింది. ఊళ్ళ మధ్య తేడా గంటల్లోనే ఉంటుందని, మహా అయితే అరగంట అని మావాళ్ళ నమ్మకం. మనం వీళ్ళకన్నా నలభై ఐదు నిమిషాలు ముందుంటామంటే గది గదంతా నన్ను వింతగా చూసింది. ఇలాంటి వాటిని ఇక్కడ అంచు సంగతులు అంటారు. ఎక్కడో అంచున ఎవరికో ఎప్పుడో జరిగేవి, తీరిగ్గా చూసుకుందాంలే అని. నేను లేచి "ఆ అంచున మా పిన్ని ఉంది" అన్నాను. నవ్వారు. కానీ రాయనిచ్చారు.

నా పక్క బల్ల మలాకీది. సమోవా వాళ్ళ అబ్బాయి, పోరిరువాలో బామ్మ దగ్గర పెరిగాడు. మహా శుభ్రం. అందరి కప్పుల చెవులూ ఒకే వైపుకి తిప్పి పెడతాడు. మన షెడ్డు చూపిస్తే ఏమైపోతాడో అని నాకు భలే నవ్వొస్తుంది.

ఏప్రిల్ ఆఖరు వారం సెలవు పెట్టాను. వస్తున్నాను. వేయించిన రొట్టె, సముద్రంలోంచి అప్పుడే తీసిన కీనా ముళ్ళగుల్లలు, ఇంకేమీ వద్దు.

నీ టెరినా

*

ఓవెంగా
మార్చి 11

టెరినాకి,

మంగళవారం నీ పేజీ ఇంకా గంట ఉందని చూపించింది. దాన్ని నమ్మి మీ బాబాయి, కోల్, ఇంకా ఇద్దరు ముగ్గురు పడవలవాళ్ళు తీరిగ్గా పెట్టెలు సర్దుకున్నారు. లారీ విమానాల మైదానం గేటు దాటేసరికి విమానం వాళ్ళ నెత్తి మీదుగానే లేచి వెళ్ళిపోయింది. సరుకు తీసుకోవడం అప్పటికే ఆపేశారట. పైలట్ తప్పేం లేదు, అతని గడియారం సరిగ్గానే ఉంది.

సాయంత్రం ఇంకోటి పంపుతామన్నారు. తిరిగి ఇంటికి తెస్తే మళ్ళీ టైముకి అందుకోలేమని అక్కడే కాచుకున్నారు. పొగమంచు దిగి అదీ రాలేదు. మర్నాడూ అంతే. తిరిగి తెచ్చి తొట్టెల్లో వేసేసరికి చాలావరకు వాలిపోయాయి. మొదట మీసాలు కదిపాయి. తర్వాత అదీ లేదు. ఈ ఏటికి ఇదే పెద్ద పట్టు.

మీ బాబాయి అన్నీ ఏరి గంపల్లో వేసి, చేతులు కడుక్కుని, టీ తాగాడు. కోల్ బోర్డు మాటే ఎత్తలేదు. ఆయన ఊరుకున్నాడంటే నీకు తెలుసుగా. కొట్టుకి వెళ్తే మాత్రం "మీ అక్క కూతురి పేజీ" అని నా వెనక అంటున్నారు, నాకు వినపడేంత గట్టిగా.

బోర్డు దించింది నేను. నీ పేరు చెప్పి దించాను.

ఏం జరిగింది?

పిన్ని

*

వెల్లింగ్టన్
మార్చి 20

పిన్నీ,

నీ ఉత్తరం రాకముందే ఇక్కడ తెలిసింది. ఆ రోజే సరిచేశాం. దీవికి వేసుకున్న నలభై ఐదు నిమిషాలు పేజీలోంచి ఎగిరిపోయాయి. అంచేత మన గడియారాన్ని కూడా వెల్లింగ్టన్ గడియారంగానే లెక్కపెట్టింది. పావుగంట ఉన్నచోట గంట ఉందని చూపించింది. జరిగింది ఇదీ.

దీంతోపాటు కంపెనీ నివేదిక పంపుతున్నాను. అందులో ఎవరి పేరూ ఉండదు. ఇది దాచడానికి కాదు, మా పనిలో పద్ధతి. నేను ఇదివరకు చేసిన చోట ఏది కూలినా మొదటి ప్రశ్న "ఎవరు?" అనే. దాంతో అందరూ దాచడమే నేర్చుకున్నారు. ఒకామె తన వల్ల జరిగిన చిన్న పొరపాటు భయపడి చెప్పలేదు. అది పెరిగి పెరిగి మొత్తం మూతపడ్డాక గానీ బయటికి రాలేదు. పేర్లు అడగడం మానేసిన చోట మనుషులు వాళ్ళంతట వాళ్ళే నిజం చెబుతారు. ఎవరు అని కాదు, ఎలా అని అడగాలి. నేను దీన్ని నమ్ముతాను పిన్నీ. ఇక్కడి ఆచారాల్లో నాకు గౌరవం మిగిలింది దీనిమీదే.

మళ్ళీ జరగకుండా, మన గడియారం కోసమే ఒక పరీక్ష పెట్టారు. ఎవరు ఏం మార్చినా ముందు అది దాటాలి. ఫినోలా మీ అందరికీ ఒక కానుకల బుట్ట పంపిస్తోంది.

నాకు ఎంత బాధగా ఉందో రాయడం చేతకావడం లేదు. బాబాయి టీ తాగాడని రాశావు. ఆ వాక్యం దగ్గరే నాలుగుసార్లు ఆగాను.

టెరినా

*

ఓవెంగా
మార్చి 31

టెరినా,

బుట్ట వచ్చింది. చాక్లెట్లు, కంపెనీ బొమ్మ వేసిన సాక్సులు. మీ బాబాయి వేసుకున్నాడు. వెచ్చగానే ఉన్నాయట. నాకు ఒళ్ళు మండింది.

నీ నివేదిక చదివాను. మీ బాబాయికి కూడా పైకి చదివాను. మార్పు చేయబడింది, గమనించబడలేదు, ప్రభావం కలిగింది. ఎవరు చేశారే? దెయ్యమా? ఇంత పొడుగు కాగితంలో ఒక్క మనిషి లేడు. రొయ్యలు కూడా లేవు. "జీవ సరుకు" అని ఉంది.

నువ్వు చెప్పినదాంట్లో న్యాయం లేదని అనను. భయపెడితే మనిషి దాస్తాడు, నిజమే. కానీ మన రేవు పద్ధతి నీకు తెలియనిది కాదు. పడవ రాయికి కొట్టుకుంటే, చుక్కాని చక్రం పట్టుకున్నవాడు ఊరి హాల్లో లేచి నిలబడి "చక్రం నా చేతిలో ఉంది" అంటాడు. సంజాయిషీలు ఉండవు. కూర్చుంటాడు. ఆ తర్వాత ఆ మాట ఎవరూ ఎత్తకూడదు, కొట్టులో గానీ రేవులో గానీ తాగినప్పుడు గానీ. వాడు లేచేదాకా మాత్రం అందరూ ఎత్తుతారు. మీ వాళ్ళు పేరు తీసేసి మనిషిని కాపాడతారేమో. ఇక్కడ పేరు చెబితేనే మనిషి బతికి బయటపడతాడు.

ఇప్పుడు నీ పేరు ఊరందరి నోళ్ళలోనూ నానుతోంది. నిన్ను ఎత్తుకుని పెంచినవాళ్ళే అంటున్నారు, చదువుకుని వెళ్ళింది, కాగితం వెనక దాక్కుంది అని. నేను వినలేకపోతున్నాను.

పన్నెండో తారీఖు మధ్యాహ్నం హాల్లో కూడుతున్నారు, ఈ పేజీ ఉంచాలా మానాలా అని. నన్ను మాట్లాడమన్నారు. పేరు లేని కాగితం నేను చదవను. చక్రం ఎవరి చేతిలో ఉందో రాసి పంపు.

పిన్ని

*

వెల్లింగ్టన్
ఏప్రిల్ 6

పిన్నీ,

చక్రం నా చేతిలో ఉంది.

నలభై ఐదు నిమిషాలు తీసేసింది నేనే. కింద నా సంతకం పెట్టాను. ఇది చదువు, చాలు. నివేదిక చదవకు.

దీవికి ఎవరో ఒకరు వెళ్ళి అందరితో మాట్లాడాలని ఇక్కడ అనుకుంటున్నారు. నేను వెళ్ళనన్నాను. ఏప్రిల్ సెలవు కూడా మానుకున్నాను. కోల్ ఎదురుపడితే ఏ మొహం పెట్టుకుని పలకరించను? పద్ధతి ప్రకారం ఎవరూ ఏమీ అనరని తెలుసు. అనకుండా ఉండడాన్ని చూడలేను.

బాబాయిని మోకాలికి వేడి కాపడం పెట్టుకోమను.

టెరినా

*

ఓవెంగా
ఏప్రిల్ 14

అబద్ధాలకోరు అమ్మాయికి,

మొత్తం చెబుతాను, మధ్యలో లేవకు.

మొన్న హాల్లో అందరూ వచ్చారు. నేను లేచి నీ ఉత్తరం చదివాను. మూడు నాలుగు వాక్యాలే కదా, నిమిషంలో అయిపోయింది. చదివి కూర్చున్నాను. అప్పుడు కోల్ లేచాడు. "పిల్ల చెప్పింది. అయిపోయింది. ఇక ఈ మాట రేవులో ఎత్తినవాడు నాతో మాట్లాడక్కర్లేదు" అన్నాడు. నాకు ఏడుపాగలేదు. సిగ్గుతో కాదే, గర్వంతో. అంత దూరం వెళ్ళి అంత చదివినా మన పిల్ల మన పిల్లలాగే లేచి నిలబడింది అనుకున్నాను. పుడ్డింగ్ కోయడం మొదలుపెట్టారు.

ఇంతలో బయట కుక్కలు మొరిగాయి. మీ బాబాయి చూసొచ్చి, "రోయిమాటా, గుమ్మం ముందు ఎవరో చాప కింద ఉన్నారు" అన్నాడు. ఈయనకి మోకాలి నుంచి బుర్రకెక్కిందా అనుకున్నాను. వెళ్ళి చూస్తే నిజమే. తుప్పర పడుతోంది. గులకరాళ్ళ మీద ఒక మనిషి తల వంచుకుని కూర్చున్నాడు, నెత్తి మీద నుంచి సన్నటి నేత చాప కప్పుకుని. పట్టులా ఉంది ఆ చాప, ఎవరింట్లోనో పెట్టెలో దాచుకునే రకం. అందరం గుమ్మంలో బిక్కమొహాలు వేసుకుని నిలబడ్డాం.

కోల్ కుర్రతనంలో సమోవా పడవల మీద చేశాడుగా, ఆయనకి తెలిసింది. "క్షమించమని వచ్చాడు. తప్పు ఎవరికి జరిగిందో వాళ్ళు వెళ్ళి ఆ చాప ఎత్తాలి. ఎత్తకపోతే అలాగే కూర్చుంటాడు" అన్నాడు. అందరూ నా వైపు చూశారు. బోర్డు దించినదాన్ని నేనే కదా. వెళ్ళి ఎత్తాను.

లోపల ఒక అబ్బాయి, వానకి తడిసి ముద్దయిపోయి. "అమ్మా, నేను మలాకీని. టెరినాతో పనిచేస్తాను. ఆ నలభై ఐదు నిమిషాలు తీసేసింది నేను. తప్పు పడిన అంకె అనుకుని సర్దాను" అన్నాడు.

"టెరినా కాదూ?" అన్నాను.

"ఆవిడ నవంబరు నుంచి ఈ పేజీ జోలికే రాలేదమ్మా, వేరే పని ఇచ్చారు. ఆ అంకె పక్కన ఆవిడ ఒక మాట కూడా రాసి పెట్టింది. తీయొద్దు, ఇది మా పిన్ని ఉండే చోటు అని. నాకు అర్థం కాక దాన్ని కూడా తీసేశాను."

ఆఫీసులో తనే వెళ్ళి చెప్పాడట. పేర్లు వద్దు, దీవికి వెళ్ళి వాళ్ళ మాటలు విని రా అన్నారట. ఇంటికెళ్ళి చెబితే వాళ్ళ బామ్మ ఒక్కటే అడిగిందట, "ఎవరి తిండి పాడుచేశావురా?" అని. పెట్టెలోంచి చాప తీసి చేతిలో పెట్టిందట. నువ్వు నీ పేరు రాసి పంపిన సంగతి పాపం ఆ పిల్లవాడికి తెలియదు.

లోపలికి తీసుకొచ్చాం. కోల్ నన్నూ ఆ అబ్బాయినీ మార్చి మార్చి చూసి, "ఒక్క చక్రం, ఇద్దరు నావికులు. ఈ రేవుకి ఇంత అదృష్టం ఎప్పుడూ పట్టలేదు" అన్నాడు. హాలంతా గొల్లుమంది. నేను మాత్రం నవ్వలేదు. నీ అబద్ధాన్ని ఊరందరికీ చదివి వినిపించి, దానికి మురిసి ఏడ్చినదాన్ని నేను.

పేజీ ఉంచుతున్నారు. బోర్డు కూడా మళ్ళీ గోడకెక్కింది, రెండూ పక్కపక్కనే. మర్నాడు మీ బాబాయి మలాకీని పడవలో తీసుకెళ్ళాడు. రేవు దాటగానే మొదలుపెట్టి తిరిగొచ్చేదాకా వాంతులే. అయినా ఒక రొయ్యల బోను తన చేత్తో పైకి లాగాడట. ఇవాళ పొద్దున్నే విమానం ఎక్కించాం. చాప ఇవ్వబోతే తీసుకోలేదు, ఇచ్చాక అది మనదేనట. హాల్లో పెట్టాం.

ఇక నీ సంగతి.

నాకు కోపం వచ్చింది. చాలా వచ్చింది. అతని పేరు ఇవ్వలేవు, ఖాళీ కాగితం నేను చదవనన్నాను, నీ దగ్గర మిగిలింది నీ పేరే, అది రాసేశావు. ఇంత అర్థమయ్యాక నేను నీకు రాసిన మాటలు గుర్తు చేసుకున్నాను. "నువ్వేనా?" అని నేను ఒక్కసారి కూడా అడగలేదు టెరినా. నువ్వే అనుకుని, నీ నోటితో చెప్పించుకోవాలని అడిగాను. ఊళ్ళోవాళ్ళు అంటున్నారని రాశాను. అందరికన్నా ముందు అనుకున్నది నేను.

చెయ్యని తప్పుకి ఊరు నిన్ను క్షమించేసింది. ఇచ్చిన మన్నింపు వెనక్కి తీసుకునే పద్ధతి మనకి లేదు కాబట్టి అది నీ దగ్గరే ఉంచుకో. మిగిలింది మనిద్దరి మధ్య ఉన్నది. అది ఉత్తరాల్లో తెమిలేది కాదు.

మానుకున్న సెలవు మళ్ళీ పెట్టు. మైదానానికి నేనే వస్తాను. దిగగానే నువ్వు నోరు తెరవకు. ముందు చెప్పాల్సింది నేను.

పిన్ని